బోర్డు మీద పేరు: కొలోన్‌లో ఒక కుటుంబ బ్యాంకు కథ



"నాలుగు డబ్బులు సంపాదించు, కులం దానంతటదే పోతుంది." ఒకప్పుడు ఈ మాట పై కులాల పెద్దమనుషులు మనకు సలహాగా చెప్పేవాళ్లు. ఇప్పుడు మన పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. బీటెక్ చదివే తమ్ముడు, ఎంబీఏ చేసే చెల్లె, సొంత కంపెనీ పెడదామనుకునే స్నేహితుడు, అందరిదీ ఇదే నమ్మకం. 2005లో పుణెలో దళిత పారిశ్రామికవేత్తల ఛాంబర్ డిక్కీ మొదలైనప్పటి నుంచి "దళిత పెట్టుబడి" అనే మాటకు ఒక గౌరవం కూడా వచ్చింది. ఈ నమ్మకాన్ని నేను ఎగతాళి చెయ్యను. లోను కోసం బ్యాంకు మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రులను చూసి పెరిగినవాళ్లకు డబ్బు విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు.

అయితే ఒక నమ్మకం నిజమో కాదో తెలియాలంటే దాన్ని చివరి హద్దు దాకా తీసుకెళ్లి చూడాలి. నాలుగు డబ్బులు కాకుండా ఏకంగా బ్యాంకే సొంతమైతే? ఆ సంపద ఒక తరం కాకుండా నాలుగైదు తరాలు నిలబడితే? రాజుగారి బిరుదు వస్తే? మతం కూడా మారితే? పెద్ద కుటుంబాలతో వియ్యం అందితే? అప్పుడైనా పుట్టుక మనిషిని వదిలిపెడుతుందా?

చరిత్రలో ఈ పరీక్ష ఒకసారి జరిగింది. జర్మనీలో, రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్ నగరంలో, ఓపెన్‌హైమ్ అనే కుటుంబం మీద, వాళ్ల బ్యాంకు మీద జరిగింది. (అణుబాంబు ఓపెన్‌హైమర్ వేరు, వీళ్లు వేరు.) పరీక్ష పెట్టినవాడు హిట్లర్. ఈ భాగంలో ఆ కథ చెప్పుకుందాం. ఇందులో మన ప్రశ్నకు జవాబు ఉంది. అయితే ఆ జవాబు మనం అనుకున్నంత సూటిగా ఉండదు.

1. నది అవతలి వాడ

కొలోన్ నగరం 1424లో యూదులను బయటికి పంపేసింది. ఆ తర్వాత 370 ఏళ్లకు పైగా ఆ ఊళ్లో యూదుడు ఇల్లు కట్టుకోవడానికి లేదు. నది అవతలి ఒడ్డున డాయిట్స్ అనే చోట ఉండాలి. పనిబడి ఊళ్లోకి రావాలంటే అనుమతి తీసుకుని రావాలి. పని అయిపోయాక వెళ్లిపోవాలి. ఊరు, ఊరి అవతల వాడ. ఈ బొమ్మ మనకు ఎవరూ గీసి చూపించక్కర్లేదు. డాయిట్స్ అనే ఆ పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1789లో, అటు ఫ్రాన్సులో విప్లవం మొదలైన ఏడాదే, బాన్ పట్టణంలో సాలొమన్ ఓపెన్‌హైమ్ అనే 17 ఏళ్ల కుర్రాడు ఒక చిన్న వ్యాపారం పెట్టాడు. సరుకులకు కమీషను, డబ్బుకు మారకం. (ఇదే బాన్‌లో 1921లో అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకున్నారు. రూపాయి సమస్య మీద పరిశోధన చేస్తున్న రోజులు అవి.) విప్లవ ఫ్రాన్సు సైన్యం రైన్ ప్రాంతాన్ని పట్టుకుని పాత నిషేధాలు రద్దు చేశాక, 1798లో సాలొమన్ తన వ్యాపారాన్ని కొలోన్‌కు మార్చాడు. తాతముత్తాతలు కాలుపెట్టలేని ఊళ్లో బోర్డు పెట్టాడు. అదే సాల్. ఓపెన్‌హైమ్ బ్యాంకు.

1828లో సాలొమన్ చనిపోతే బ్యాంకును ఆయన భార్య థెరేసా, కొడుకులు సైమన్, ఆబ్రహాం నడిపారు. రైలుమార్గాలకూ, పరిశ్రమలకూ, బీమా కంపెనీలకూ వాళ్ల డబ్బు వెళ్లింది. రైన్ ప్రాంతంలో పెట్టుబడిదారీ వ్యవస్థ పుట్టుకలో ఈ బ్యాంకుకు పెద్ద చెయ్యి ఉంది. ఇంకో కొడుకు డాగోబర్ట్ మాత్రం కొంచెం వేరే దారి. 1842లో కొలోన్‌లో మొదలైన రైనిషె త్సైటుంగ్ అనే పత్రికకు బాధ్యుడైన నిర్వాహకుల్లో ఆయన ఒకడు. ఆ పత్రికకు ఆ ఏడాదే సంపాదకుడిగా వచ్చిన 24 ఏళ్ల యువకుడి పేరు కార్ల్ మార్క్స్. 1843లో ప్రష్యా ప్రభుత్వం ఆ పత్రికను మూయించింది.

1868లో ఆబ్రహాంకు ప్రష్యా రాజు బారన్ బిరుదు ఇచ్చాడు. ఆయన మతం మారకుండానే ఆ బిరుదు అందుకున్నాడు. అంతకుముందే గ్లాకెన్‌గాస్సె అనే వీధిలో యూదులకు ఒక గొప్ప ప్రార్థనా మందిరం తన ఖర్చుతో కట్టించాడు. 1861లో అది తెరిచారు. దాన్ని రూపొందించినవాడు ఎవరో తెలుసా? కొలోన్ మహా చర్చి నిర్మాణాన్ని నడిపిస్తున్న వాస్తుశిల్పి త్స్‌విర్నరే. చర్చి కట్టే చేతులతోనే యూదు మందిరం లేచింది. ఇక ఊరు మమ్మల్ని ఒప్పుకుంది అని ఆ రోజు ఆ కుటుంబం అనుకుని ఉంటే అందులో తప్పేమీ లేదు.

2. తాత పేరు ఏ రిజిస్టర్లో ఉంది?

ఆ తర్వాతి తరం క్రైస్తవంలోకి వెళ్లింది. క్రైస్తవ ఇళ్ల నుంచి కోడళ్లు వచ్చారు. ఆ ఊళ్లో ఇలా నడిచినవాళ్లు వాళ్లొక్కరే కాదు. కొలోన్‌లో ఇంకో పెద్ద బ్యాంకరు ఉండేవాడు, పుట్టినప్పటి పేరు లుడ్విగ్ లెవి. లెవి అంటే వినగానే యూదుడని తెలిసిపోయే ఇంటిపేరు. ఆయన 1886లో కాథలిక్ అయ్యాడు. భార్య ఇంటిపేరు తీసుకుని లూయీ హాగెన్ అయ్యాడు. కొలోన్ వాణిజ్య మండలికి చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్నాడు. 1920ల్లో ఓపెన్‌హైమ్ బ్యాంకులోనూ భాగస్వామి అయ్యాడు.

"ఇంటిపేరేంటి బాబూ?" అని అద్దె ఇంటి ఓనరు అడిగినప్పుడు గొంతులో ఆగిపోయే ఆ క్షణం మనకు తెలుసు. హాస్టల్లో, ఆఫీసులో ఇంటిపేరును ఒక్క ఇంగ్లీషు అక్షరంగా కుదించుకున్నవాళ్లు మనలో ఎంతమంది లేరు! కాబట్టి హాగెన్ గారిని చూసి నవ్వే హక్కు మనకు లేదు. ఆయన పిరికివాడై పేరు మార్చుకోలేదు. పేరు ఒక తలుపు అని తెలిసి మార్చుకున్నాడు.

1933 జనవరి 30న హిట్లర్ అధికారంలోకి వచ్చేనాటికి ఓపెన్‌హైమ్ బ్యాంకును చూస్తున్న ఆ కుటుంబ వారసులు వాల్డెమార్, ఫ్రెడ్రిక్ కార్ల్ అనే అన్నదమ్ములు. ఇద్దరూ పుట్టుకతో క్రైస్తవులు, ఇద్దరూ బారన్లు. తల్లి అమెరికా నుంచి వచ్చిన క్రైస్తవురాలు. నలుగురు తాతామామ్మల్లో యూదుగా పుట్టినవాడు ఒక్క తాతే, ఆయన కూడా తర్వాత మతం మారినవాడే.

1935 సెప్టెంబర్ 15న నూరెంబర్గ్ చట్టాలు వచ్చాయి. నవంబర్‌లో వచ్చిన నియమాలు యూదుడంటే ఎవరో నిర్వచించాయి. తాతామామ్మల్లో ముగ్గురో నలుగురో యూదులైతే నువ్వు యూదుడివి. ఒక్కరే అయితే రెండో తరగతి "మిష్‌లింగ్", అంటే సంకరం. సంకరం అనే మాట వినగానే మనుధర్మం చదివినవాళ్ల చెవులు నిక్కబొడుచుకోవాలి. ఆ ఇద్దరు అన్నదమ్ములూ ఆ తరగతిలోకి వచ్చారు. బిరుదు, బ్యాంకు, బాప్తిస్మం మూడూ కలిసి ఒక్క తాతను చెరపలేకపోయాయి.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడాలి. నాజీలు చెప్పిన సిద్ధాంతం రక్తం. కానీ మనిషి రక్తంలో యూదుతనం ఎక్కడ ఉంటుంది, ఎవరు చూపించగలరు? ఎవరూ చూపించలేరు. అందుకే వాళ్లు రక్తం చూడలేదు, కాగితాలు చూశారు. తాత పేరు ఏ ప్రార్థనా మందిరం రిజిస్టర్లో ఉంది? అమ్మమ్మ బాప్తిస్మం ఏ చర్చి పుస్తకంలో రాశారు? సైన్సు అని పేరు పెట్టుకున్న జాతి సిద్ధాంతం చివరికి పాత దస్త్రాల దుమ్ము దులిపే గుమాస్తా పని మీద నిలబడింది. పుట్టుక సహజం కాదనడానికి, దాన్ని రాజ్యం రాసి పెడుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నూరెంబర్గ్ చట్టాలు వచ్చిన నాలుగు వారాలకు, 1935 అక్టోబర్ 13న, మహారాష్ట్రలోని యేవలాలో అంబేడ్కర్ తాను హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించారు. ఆ రెండు సంఘటనలకూ మధ్య సంబంధం ఏమీ లేదు. కానీ ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టుకుని ఆలోచించండి. ఒకచోట రాజ్యం, నువ్వు ఏమి అయినా నీ తాత కొడుకు కొడుకువే అంటోంది. ఇంకోచోట ఒక మనిషి, నా తాతలకు మీరు రాసిపెట్టినది నాకు అక్కర్లేదు అంటున్నాడు.

3. రాయి వెయ్యలేదు, సంతకం పెట్టించారు

నాజీలంటే మనకు గుర్తొచ్చేది పగిలిన అద్దాలు, తగలబడ్డ మందిరాలు. అవీ జరిగాయి. కానీ బ్యాంకులు, ఫ్యాక్టరీలు, దుకాణాలు చేతులు మారింది ప్రధానంగా అలా కాదు. లాయర్లు, ఆడిటర్లు, రిజిస్ట్రారు, వాణిజ్య మండలి, పన్నుల ఆఫీసు, వీళ్ల చేతుల మీదుగా, ఒప్పందాలతో, స్టాంపులతో మారాయి. దానికి వాళ్లు పెట్టిన పేరు ఆర్యీకరణ. ఆర్య అన్న మాట మన దేశం నుంచే అక్కడికి వెళ్లిందని గుర్తుంచుకోవాలి.

మొదటి ఏళ్లలో అది "స్వచ్ఛందం". అంటే ఖాతాదారులు ఒక్కొక్కరే జారుకుంటారు. ప్రభుత్వ వ్యాపారం రాదు. కంపెనీల బోర్డుల్లో కుర్చీలు పోతాయి. చివరికి యజమానే వచ్చి, ఎంతోకొంతకు తీసుకోండి అంటాడు. 1938 ఏప్రిల్ 26న వచ్చిన ఉత్తర్వుతో 5,000 మార్కులకు పైగా ఆస్తి ఉన్న ప్రతి యూదుడూ తన ఆస్తి వివరాలు రాసి ప్రభుత్వానికి ఇవ్వాల్సి వచ్చింది. దోచుకోబోయేవాడే లెక్క రాయించుకున్నాడు. ఆ ఏడాది డిసెంబర్ 3 ఉత్తర్వుతో "స్వచ్ఛందం" అన్న ముసుగు కూడా తీసేశారు. అమ్మమని నేరుగా ఆజ్ఞ.

ఆ 1938లోనే పెద్ద కుటుంబ బ్యాంకులు చేతులు మారాయి. బెర్లిన్‌లో తత్వవేత్త మోజెస్ మెండెల్సన్ కొడుకు పెట్టిన మెండెల్సన్ బ్యాంకు మూతపడి, దాని వ్యాపారం డాయిష్ బ్యాంకు చేతికి పోయింది. హ్యాంబర్గ్‌లో 1798లో పుట్టిన వార్‌బర్గ్ బ్యాంకు, అక్కడ ఏళ్లుగా పనిచేసిన బ్రింక్‌మాన్, వ్యాపారంలో తెలిసినవాడైన విర్ట్స్ చేతుల్లోకి వెళ్లింది. మాక్స్ వార్‌బర్గ్ అమెరికా వెళ్లిపోయాడు. 1933లో రైష్ బ్యాంకు అధ్యక్షుడిగా షాఖ్ట్‌ను నియమించిన పత్రం మీద హిట్లర్ సంతకంతో పాటు పాలకమండలి సభ్యుడిగా ఈ మాక్స్ వార్‌బర్గ్ సంతకం కూడా ఉంది. ఇది ఎంతకాలం ఉంటుందిలే, మనలాంటివాళ్లు లేకుండా దేశం ఎలా నడుస్తుందిలే అన్న ధీమా పెద్ద మనుషులకు ఎప్పుడూ ఎక్కువే.

కొలోన్‌లో ఓపెన్‌హైమ్ బ్యాంకు ఇంకో దారి పట్టింది. బ్యాంకులో అప్పటికే రాబర్ట్ ఫెర్డ్‌మెంగెస్ అనే ప్రొటెస్టెంట్ భాగస్వామి ఉన్నాడు. నాజీల లెక్కలో "ఆర్యుడు". 1938లో బ్యాంకు పేరు "ఫెర్డ్‌మెంగెస్ అండ్ కంపెనీ" అని మారింది. కుటుంబం లోపలే ఉంది, బయట బోర్డు మీద పేరు లేదు. దాదాపు 150 ఏళ్ల పేరు ఒక్క రోజులో కాగితం మీద పోయింది.

అదే 1938లో ఇంకో ఉత్తర్వు వచ్చింది. యూదు అని వెంటనే తెలియని పేర్లున్న యూదు మగవాళ్లందరూ తమ పేరుకు "ఇజ్రాయెల్" అని, ఆడవాళ్లందరూ "సారా" అని చేర్చుకోవాలి. పాస్‌పోర్టుల మీద ఎర్రటి అక్షరంతో యూదు ముద్ర కొట్టారు.

ఈ రెండూ కలిపి చదవండి. ఆస్తి మీద యూదు పేరు ఉండకూడదు. మనిషి మీద యూదు పేరు ఉండి తీరాలి. ఆధిపత్యం పేరుతో చేసే పని మొత్తం ఈ రెండు వాక్యాల్లో ఉంది. భూమి పట్టాలో మన పేరు ఉండదు, పల్లెకు మాత్రం మన కులం పేరే ఉంటుంది. ఇది చెప్పడానికి నాకు జర్మనీ అవసరం లేదు, కానీ జర్మనీ దాన్ని చట్టంగా రాసి చూపించింది.

4. అదే ఊళ్లో ఇంకో బ్యాంకు

ఈ కథను ఓపెన్‌హైమ్‌ల వైపు నుంచి మాత్రమే చూస్తే సగమే తెలుస్తుంది. అదే కొలోన్‌లో జె.హెచ్. స్టైన్ అనే ఇంకో పాత ప్రైవేటు బ్యాంకు ఉండేది. దానిలో భాగస్వామి కుర్ట్ ఫాన్ ష్రోడర్. 1933 జనవరి 4న ఆయన ఇంట్లోనే హిట్లర్, మాజీ చాన్సలర్ పాపెన్ రహస్యంగా కలుసుకున్నారు. ఆ తర్వాత 26 రోజులకు హిట్లర్ చాన్సలర్ అయ్యాడు. ఒకప్పుడు లూయీ హాగెన్ కూర్చున్న వాణిజ్య మండలి కుర్చీలో 1933లో కూర్చున్నది ఈ ష్రోడరే. హిమ్లర్‌కు పెద్ద కంపెనీలు ఇచ్చే చందాల ప్రత్యేక ఖాతా ఉన్నది ఈ బ్యాంకులోనే.

ఒకే ఊరు. ఒకే వృత్తి. రెండు బ్యాంకుల వయసు కూడా ఇంచుమించు ఒకటే. ఒకే మండలిలో కూర్చుని ఒకే కాఫీ తాగిన మనుషులు. పెట్టుబడికి రంగు లేదు, మార్కెట్‌కు కులం తెలియదు అని చెప్పేవాళ్లు ఈ రెండు బోర్డులను పక్కపక్కన పెట్టి చూడాలి. మార్కెట్‌కు కులం తెలియకపోవచ్చు. మార్కెట్లో కూర్చున్నవాడికి తెలుసు.

యుద్ధం తర్వాత ష్రోడర్‌కు పడిన జైలు శిక్ష మూడు నెలలు.

5. డబ్బు ఏం చెయ్యలేదు, ఏం చేసింది

ఇక్కడిదాకా చదివి, చూశారా, డబ్బు ఉన్నా పుట్టుక పోలేదు అని కథ ముగించవచ్చు. చాలామంది అక్కడే ముగిస్తారు. అలా ముగిస్తే అది అబద్ధం అవుతుంది.

డబ్బు పుట్టుకను చెరపలేదు. కానీ ఎవరు బతకాలి, ఎవరు చావాలి అన్నదాంట్లో డబ్బు చాలా పని చేసింది. దేశం వదిలిపోవాలంటే ఆస్తిలో పావు వంతు పన్ను. ఆ పన్ను 1931లో నాజీలకు ముందు ప్రభుత్వం పెట్టిందే, వాళ్లు దాన్ని దోపిడీ ఆయుధం చేసుకున్నారు. మిగిలిన డబ్బు బయటికి పంపాలంటే మారకంలో కోత. 1939 నాటికి 100 మార్కులు పంపితే చేతికి వచ్చేది 4 మార్కుల విలువే. కోటి ఉన్నవాడికి నాలుగు లక్షలు మిగులుతాయి, ఓడ టికెట్ కొనుక్కుంటాడు. వంద ఉన్నవాడికి నాలుగు మిగులుతాయి. ఆ నాలుగుతో ఎక్కడికి పోతాడు?

1938 నవంబర్ 9, 10 తేదీల్లో గ్లాకెన్‌గాస్సెలో ఆబ్రహాం ఓపెన్‌హైమ్ కట్టించిన మందిరం ధ్వంసమైంది. దేశమంతటా జరిగిన ఆ విధ్వంసానికి "ప్రాయశ్చిత్తం"గా యూదుల మీదే 100 కోట్ల మార్కుల జరిమానా వేశారు. పగిలిన దుకాణాలకు రావలసిన బీమా సొమ్మును కూడా ప్రభుత్వమే తీసుకుంది.

1933లో కొలోన్‌లో సుమారు 15 వేల మంది యూదులు ఉండేవాళ్లు. వాళ్లందరూ బ్యాంకర్లు కాదు. దర్జీలు, గుమాస్తాలు, పశువుల వ్యాపారులు, పోలండ్ నుంచి వచ్చి బతుకుతున్న పేదలు. పోగలిగినవాళ్లు పోయారు. పోలేనివాళ్లను 1941 అక్టోబర్ నుంచి రైళ్లకు ఎక్కించారు. మొదటి రైలు పోలండ్‌లోని లోడ్జ్ ఘెట్టోకు వెళ్లింది. అంతకుముందు వాళ్లను పోగుచేసిన చోటు, రైలు ఎక్కించిన స్టేషను ఎక్కడో తెలుసా? నది అవతల. డాయిట్స్. 1424లో ఎక్కడికి తరిమారో, ఐదు వందల ఏళ్ల తర్వాత అక్కడి నుంచే చావుకు పంపారు. ఆ సరిహద్దు దాటిన ఆఖరి ఆనవాలును కూడా రాజ్యం చట్టంతో మూసేసింది. 1941 నవంబర్‌లో వచ్చిన నియమం ప్రకారం దేశం దాటిన యూదుడి పౌరసత్వం పోతుంది, ఆస్తి రాజ్యానిది అవుతుంది. చావుకు పంపడం కూడా "దేశం దాటడం" కిందికే వచ్చింది.

మరి బ్యాంకు? ఫెర్డ్‌మెంగెస్ పేరుతో నడుస్తూనే ఉంది. అన్నదమ్ములు బతికారు. ఫ్రెడ్రిక్ కార్ల్ తన వ్యాపార సంబంధాలు వాడి కొన్ని యూదు కుటుంబాలను కాపాడాడు. 1944లో గెస్టపో అతన్ని అరెస్టు చేసింది. 1996లో యాద్ వాషెం అతన్ని "నీతిమంతుల" జాబితాలో చేర్చింది. అన్న వాల్డెమార్ అదే కాలంలో జర్మన్ సైనిక గూఢచారి శాఖకు సమాచారం ఇచ్చాడు. ఉపయోగపడుతూ ఉన్నంతకాలం ఉండనిస్తారు అని అతనికి అర్థమై ఉంటుంది. ఆ బ్యాంకు ఆ పన్నెండేళ్లూ దోపిడీ సొమ్ము తిరిగిన ఆర్థిక వ్యవస్థలోనే బతికింది. వేరే ఆర్థిక వ్యవస్థ అక్కడ లేదు కూడా.

వీళ్లను వీరులను చెయ్యడానికీ, ద్రోహులను చెయ్యడానికీ నాకు తొందర లేదు. నేను చెప్పేది ఒక్కటే. ఒకే ముద్ర కొట్టించుకున్న మనుషుల మధ్య కూడా వర్గం ఉంటుంది. డబ్బు వాళ్ల అవమానాన్ని ఆపలేదు, చావును వాయిదా వేసింది. అదీ కొందరికి. ఆ వాయిదా కోసం వాళ్లు ఆ రాజ్యానికి పనికొస్తూ ఉండాల్సి వచ్చింది. పనికొస్తున్నాడు కాబట్టి ఉండనిచ్చారు అనేది హక్కు కాదు. ఎప్పుడైనా రద్దయ్యే పర్మిట్ అది.

6. బోర్డు తిరిగొచ్చింది, తర్వాత?

1947లో ఫెర్డ్‌మెంగెస్ పాత పేరు తిరిగి ఇచ్చేశాడు. సాల్. ఓపెన్‌హైమ్ బోర్డు మళ్లీ లేచింది. ఇది సహజంగా జరిగిపోయిందని అనుకోకండి. హ్యాంబర్గ్ చూడండి. బ్రింక్‌మాన్, విర్ట్స్ 1941లో వార్‌బర్గ్ పేరు తీసేసి తమ పేర్లు పెట్టుకున్నారు. యుద్ధం అయిపోయింది, హిట్లర్ చచ్చాడు, చట్టాలు రద్దయ్యాయి. మాక్స్ కొడుకు ఎరిక్ 1956లో తిరిగి భాగస్వామిగా రాగలిగాడు. పాత పేరు సగం బోర్డు మీదికి రావడానికి 1970 వచ్చింది. పూర్తిగా రావడానికి 1991 వచ్చింది. తియ్యడానికి మూడేళ్లు, తిరిగి పెట్టడానికి అర్ధ శతాబ్దం. "నీ కోసం కాపాడుతున్నాను" అని తీసుకున్నవాడికి కూడా కుర్చీ అలవాటైపోతుంది. కాపాడినందుకు కృతజ్ఞత అడుగుతాడు, తర్వాత వాటా అడుగుతాడు, తర్వాత ఇది నేను కట్టిందే కదా అంటాడు. అసైన్డ్ భూములను "సాగు చేసి బాగుచేశాం" అనే పెద్ద రైతుల మాట వినబడుతోందా?

ఇక ఓపెన్‌హైమ్ బ్యాంకు చివరి అధ్యాయం. హిట్లర్‌ను దాటి బతికిన ఆ బ్యాంకు 2009లో తన చేతులతోనే కూలింది. ఆర్కాండర్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంపెనీ మీద పెట్టిన లెక్కలేనంత డబ్బు మునిగింది. 2010లో డాయిష్ బ్యాంకు దాన్ని కొనేసింది. కొన్నేళ్లకు ఆ పేరు కూడా తీసేసింది. నడిపిన పెద్దల్లో కొందరికి 2015లో కొలోన్ కోర్టు శిక్షలు వేసింది. ఒకప్పుడు పీడన అనుభవించిన పేరు కాబట్టి ఆ పెట్టుబడి పవిత్రం కాలేదు. పెట్టుబడి పెట్టుబడిలాగే ప్రవర్తించింది. మన కులంవాడు యజమాని అయితే కూలీ రేటు పెరుగుతుందని నమ్మే అమాయకులు ఇది గుర్తుంచుకోవాలి.

7. మనకు ఏమిటి?

ముందే ఒక మాట. యూదుల సంహారమూ, అస్పృశ్యతా ఒకటి కావు. అక్కడ పన్నెండేళ్లలో ఒక రాజ్యం లక్షల మందిని యంత్రంలా చంపింది. ఇక్కడ వేల ఏళ్లుగా ఒక సమాజం మనిషిని రోజూ కొంచెం కొంచెం తక్కువ చేస్తూ వచ్చింది. కులం జాతి కాదని అంబేడ్కరే వాదించారు. పోలిక కోసం తూకం వెయ్యడం నా ఉద్దేశం కాదు. పుట్టుకను ఆయుధం చేసుకునే వ్యవస్థ డబ్బు ముందు ఎలా ప్రవర్తిస్తుందో చూడడం నా ఉద్దేశం.

మతం మార్పు సంగతి చూడండి. జర్మనీలో మతం మారినా రాజ్యం వెనక్కి వెళ్లి తాతను వెతికి పట్టుకుంది, శిక్షించడానికి. ఇక్కడ మన పల్లెల్లో దళితుడు క్రైస్తవుడైనా ఊరు అతని తాతను మరిచిపోదు. జాషువా జీవితం మొత్తం దీనికి సాక్ష్యం. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం, నువ్వు క్రైస్తవుడివి కాబట్టి నీకు ఎస్సీ హోదా లేదు అంటుంది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఇచ్చింది, క్రైస్తవులకూ ముస్లింలకూ ఇవ్వలేదు. అంటే అవమానించడానికి పుట్టుక గుర్తుంటుంది, రక్షణ ఇవ్వడానికి గుర్తుండదు. రిజిస్టరు ఒకటే, ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు తెరుస్తారు అన్నదే ప్రశ్న.

సంపాదన సంగతి చూడండి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. చుండూరు దళితులు అప్పటికి చదువుకుంటున్నారు, కొందరు రైల్వేలో ఉద్యోగాలు చేస్తున్నారు, ఊరి భూస్వాముల పొలాల మీద ఆధారపడడం తగ్గింది. మనం తల వంచుకుని ఉన్నప్పుడు వచ్చే కోపం వేరు, తల ఎత్తినప్పుడు వచ్చే కోపం వేరు. సంపాదన కులద్వేషాన్ని తగ్గిస్తుందని లెక్క వేసుకున్నవాళ్లకు చుండూరు ఇచ్చిన జవాబు అది.

అయితే సంపాదించొద్దా? సంపాదించాలి. నాలుగు మార్కులు మిగిలినవాడికీ నాలుగు లక్షలు మిగిలినవాడికీ ఉన్న తేడా చావు బతుకుల తేడా అని ఇప్పుడే చూశాం. కానీ సంపాదన కవచం మాత్రమే. కవచం తొడుక్కున్నవాడు యుద్ధం అయిపోయిందనుకుంటే ఎలా?

అంబేడ్కర్ ఆర్థికశాస్త్రవేత్త. రూపాయి మీద పుస్తకం రాసిన మనిషి. డబ్బు బలం ఆయనకు తెలియక కాదు. అయినా 1936లో కుల నిర్మూలనలో, అధికారానికి ఆస్తి ఒక్కటే మూలం కాదని, మతమూ సామాజిక హోదా కూడా మూలాలేనని సోషలిస్టులతో వాదించారు. 1947లో రాష్ట్రాలు-మైనారిటీలు అనే పత్రంలో ఆయన అడిగింది ఏమిటి? మన కులానికి ఒక సొంత బ్యాంకు కాదు. మూల పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలి, బీమా రాజ్యం చేతిలో ఉండాలి, భూమి రాజ్యానిదై సమష్టిగా సాగు కావాలి, వీటిని రాజ్యాంగంలోనే రాయాలి అని అడిగారు. ఏ కుటుంబం పేరూ లేని బోర్డు కావాలన్నారు. ఎందుకంటే కుటుంబం పేరున్న బోర్డు, ఆ కుటుంబం మంచిదైనా చెడ్డదైనా, ఒక్క సంతకంతో దిగిపోతుంది, ఇంకో సంతకంతో ఇంకొకరిది అవుతుంది.

1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయం అయ్యాయి. ఆ తర్వాతే మన ఇళ్ల నుంచి క్లర్కులు, ఆఫీసర్లు బ్యాంకు కౌంటర్ అవతలి వైపు కూర్చోగలిగారు. ప్రభుత్వ బ్యాంకులో రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు బ్యాంకులో లేదు. ఒక ప్రభుత్వ బ్యాంకును ప్రైవేటుకు ఇవ్వాలనే మాట వచ్చిన ప్రతిసారీ పత్రికలు సామర్థ్యం గురించి, వాటాల ధర గురించి రాస్తాయి. ఎన్ని రోస్టరు పాయింట్లు పోతాయో రాయవు. అక్కడ ఎవరూ రాయి వెయ్యరు. సంతకాలు పెడతారు. ఐబీపీఎస్‌కు చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కరెంట్ అఫైర్స్‌లో బ్యాంకుల విలీనాల తేదీలు బట్టీ పట్టేటప్పుడు, ఆ తేదీతో పాటు ఈ ప్రశ్న కూడా రాసుకోండి: ఈ బోర్డు మారితే కౌంటర్ అవతల కూర్చునేది ఎవరు?

ఇంటిపేరు మార్చుకున్న హాగెన్‌నూ, బిరుదు తెచ్చుకున్న ఆబ్రహాంనూ, బోర్డు మార్చి బతికిన అన్నదమ్ములనూ నేను తప్పు పట్టను. ఎవరికి దొరికిన దారిలో వాళ్లు నడిచారు. కానీ వాళ్లందరూ మార్చుకున్నది తమను. ఆ రిజిస్టరు మాత్రం అలాగే ఉండిపోయింది, తెరిచేవాడి కోసం ఎదురుచూస్తూ. మనం మారాల్సినంత మారాం, ఇంకా మారతాం. చించాల్సింది ఆ రిజిస్టర్‌ని.

వచ్చే భాగంలో 1947 నాటి అంబేడ్కర్ పత్రాన్ని వివరంగా చదువుదాం. వీలైతే దాన్ని ముందే ఒకసారి చదివి రండి.

జై భీమ్.